కప్పలు కూసిన దినము

ఈ సంచికకు మన సంస్కృతిని గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంఘమువారు మమ్ము కోరినప్పుడు, మేము వ్రాయదలచినది కప్పలను, పాములను గూర్చి యని చెప్పుటకు కొంత సంకోచించితిమి. సంస్కృతి యనగా సంగీతము, సాహిత్యము, పండుగలు, పబ్బములు గదా. అందు గోండ్రుకప్పకును నలికిరికిని చోటెక్కడిదని చదువరులు అడుగవచ్చును. పొరుగువానిని పేరు పెట్టి పిలువగలుగుటయు, వాడు ఇంట ఉన్నాడో లేడో ఎరిగియుండుటయు సంస్కృతిలో మొదటి మెట్టని మా నమ్మకము. కప్పయు పామును మన పొరుగువారే. వారిని ఎరుగకపోవుటవలన మేమేమి పోగొట్టుకొంటిమో, వృద్ధాప్యమున ఏమి నేర్చుకొంటిమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మాది సిరోంచ ప్రాంతము. పడమట ప్రాణహిత, ఆ నీటికావల కాళేశ్వర క్షేత్రము. అచ్చటనే ప్రాణహిత గోదావరిలో కలియును. మరికొంత దిగువను సోమనూరు కడ ఇంద్రావతి వచ్చి కలియును. మన సంఘమున పలువురు ఉద్యోగ వ్యాపారములకై వచ్చి మరాఠీ నేలపై స్థిరపడినవారు. మేమట్లు వచ్చినవారము కాము. మేమున్నచోటనే ఉంటిమి, ఎల్లలే మా మీదుగా కదలినవి. 1860లో నిజాము ఏలుబడినుండి ఆంగ్లేయులకు చేరిన ఈ సీమ ఎగువ గోదావరి జిల్లాయై, సిరోంచ దానికి ముఖ్యస్థానమయ్యెను. 1874లో మమ్ము చాందా జిల్లాలో కలిపిరి. 1956లో బొంబాయి రాష్ట్రములోనికి, 1960లో మహారాష్ట్రములోనికి వచ్చితిమి. 1982 ఆగష్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడెను.

ఇంట తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో మాడియా గోండుల మాట. ఈ మూడింటి నడుమ పెరిగినవారము. రక్తపింజరిని మరాఠీవారు ఘోణస్ అందురు. జెర్రిపోతు ధామణ్, ఉడుము ఘోర్పడ్, కట్లపాము మణ్యార్. పేర్లిన్ని తెలిసినవానికి పాము కూడ తెలియుననుకొందుము. మా విషయమున అట్లు జరుగలేదు.

అది 1974వ సంవత్సరము, శ్రావణమాసము. మేమప్పుడు గోదావరి ఒడ్డుననున్న యొక చిన్నపల్లెలో ఉపాధ్యాయులము. ఒకనాటి తెల్లవారుజామున మా బడిపిల్లవాని తండ్రి వచ్చి తలుపు తట్టెను. పిల్లవాడు నేలపై చాప వేసికొని పరుండెనట. నడిరాత్రి లేచి కడుపునొప్పి యనెనట. దీపము తెచ్చి చూడగా పడకప్రక్క ఒక పాము కనబడెను. దానిని కొట్టి చంపిరి. ఆ తండ్రి దానిని కర్రపై వ్రేలాడదీసికొని తెచ్చి, “సారూ, మీరు సదువుకున్నోళ్ళు. ఇది ఇసపు పామేనా, సూసి చెప్పుండ్రి” అని అడిగెను.

నల్లని సన్నని పాము. ఒంటిపై తెల్లని పట్టెలు. ఇండ్లలో బల్లులకై తిరుగు విషములేని పాము ఒకటి ఇట్లే యుండునని మేము వినియుంటిమి. వారి యింటికి పోయి చూచితిమి. పిల్లవాని ఒంటిపై గాటు కనబడలేదు, వాపు లేదు. “ఇది విషపు పాము కాదు, భయపడకు” అంటిమి. అది కట్లపాము. దాని కాటునకు నొప్పియు వాపును సాధారణముగా ఉండవనియు, కడుపునొప్పియు, రెప్పలు వాలిపోవుటయు దాని గురుతులనియు మాకు తెలియదు. మధ్యాహ్నమునకు పిల్లవాడు ఊపిరాడక మరణించెను. వాగులు పొంగియున్న ఆ దినమున అతడు ఆసుపత్రి చేరగలిగి యుండెడివాడో లేదో చెప్పలేము. బండి కట్టవలసిన కాలమును మాత్రము మా మాట హరించెను. అతని తండ్రి మమ్ము ఒక్కమాటయు అనలేదు. అదియే మాకు నేటికిని భారము.

ఆ రెండు పాముల భేదము నేర్చుకొనుటకు మాకు చాల యేండ్లు పట్టెను. కట్లపాము వెన్ను నడుమ ఆరు పలకలుగల పెద్ద పొలుసుల వరుస యొకటి ఉండును. దాని తెల్లని పట్టెలు జంటలు జంటలుగా తోకవైపు స్పష్టముగాను, మెడవైపు మాసిపోయియు ఉండును. విషములేని పామునకు పట్టెలు మెడకడ స్పష్టముగా మొదలై తోకవైపు మాసిపోవును. చదువరులు ఇది గురుతుంచుకొన్నను మంచిదే. కాని పాము కరచినదేమో యన్న అనుమానము కలిగినంతనే, పామును పోల్చుకొనుటకై నిలువక ఆసుపత్రికి పోవలయుననుట అంతకంటె ముఖ్యము. ఇది మేము తెలిసి చెప్పుచున్న మాట.

2024 వానకాలమున ముగ్గురు యువకులు మా ఊరికి వచ్చిరి. ఉభయచరములను, అనగా కప్పల జాతిని, సరీసృపములను, అనగా పాములు, బల్లులు, తాబేళ్ళు, మొసళ్ళు మొదలగువానిని వెదకి లెక్కవ్రాయుట వారి పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అటవీశాఖవారు ఇచ్చిన అనుమతిపత్రము వారికడ నుండెను. అందిద్దరు మరాఠీవారు, ఒకడు కరీంనగరము వైపు తెలుగువాడు. “గురూజీ, ఇక్కడి పేర్లు, ఇక్కడి దారులు తెలిసిన పెద్దవారు కావాలి” అని వారు కోరగా, మోకాళ్ళ నొప్పిని కూడ మరచి బయలుదేరితిమి.

పాములవారివలె పొదలు కదల్చి పట్టుకొందురని మేమనుకొంటిమి. వారి పద్ధతి వేరు. వాగు వెంబడి యొకటి, చెరువుగట్టున ఒకటి, టేకు చెట్ల నడుమ మరియొకటిగా కొన్ని బాటలను నిర్ణయించి, టేపుతో కొలిచి, చెట్లకు గురుతులు కట్టిరి. పొద్దుగ్రుంకిన అరగంటకు తలదీపములు పెట్టుకొని ఆ బాటనే మెల్లగా నడతురు. కనబడిన ప్రతిప్రాణికిని జాతి యేది, గంట ఎంత, గాలి వేడియెంత, తేమ యెంత, అది ఆకుమీద నుండెనా, రాతిక్రింద నుండెనా, నీటనుండెనా అని వ్రాసికొందురు. పగటివేళ పది మీటర్ల చదరమును త్రాడుతో చుట్టి, అందలి రాళ్ళను, రాలిన ఆకులను ఎత్తి చూచి, మరల ఉన్నదున్నట్లు సర్దుదురు. ఎత్తిన రాతిని యథాస్థానమున పెట్టకపోవుట వారిలో పెద్ద తప్పు. నలుగురము రెండుగంటలు వెదకినచో ఎనిమిది మనిషిగంటలని లెక్క. ఎంత కనబడినదో అంత మాత్రమే చాలదు. ఎంత శ్రమకు కనబడినదో కూడ తెలిసినప్పుడే ఈ యేటి లెక్కను వచ్చే యేటి లెక్కతో పోల్చవచ్చునట.

ఒకరాత్రి ఏమియు కనబడలేదు. దోమకాట్లు తప్ప ఫలమేమియు లేక తిరిగివచ్చుచుండగా, ఆ పిల్లవాడు పుస్తకము తీసి శ్రద్ధగా ‘సున్న’ అని వ్రాసెను. మేము నవ్వితిమి. అతడు నవ్వక, “గురూజీ, పదేండ్ల తర్వాత ఇక్కడ కప్పలు లేవని ఎవరైనా అంటే, మొదటినుంచీ లేవా, మధ్యలో పోయినవా అని తేల్చేది ఈ సున్నాయే. రాయకపోతే అది సున్నా కాదు, ఖాళీ” అనెను. ఆ మాట యప్పుడు మాకు సగమే యర్థమయ్యెను.

కప్పలను చూచుటకంటె వినుట తేలిక. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కూత. తొలివానకు బోదురుకప్పలలో మగవి పసుపుపచ్చగా మారి, గొంతు రెండు ప్రక్కల నీలపు సంచులుబ్బించి కూయును. గోండ్రుకప్పది ఎడతెగని సన్నని మ్రోత. చెట్టుకప్ప స్నానాలగదిలో చేరి టకటకలాడును. బొటనవ్రేలి గోరంతైన లేని చిన్నకప్ప వరిమడిలో చేయు చప్పుడు దానికి పదింతల ప్రాణి చేసినట్లుండును. కూత లేకున్న సున్న. విడివిడిగా వినవచ్చుచో ఒకటి. ఒకదానిపై నొకటి పడుచున్నను లెక్కింప వీలగుచో రెండు. లెక్కింప వీలులేని గోలయైనచో మూడు. ఇది వారి కొలత. ఋగ్వేదము ఏడవ మండలములోని మండూకసూక్తమున, వానకు నోరువిప్పిన కప్పలను వేదము వల్లించు బ్రాహ్మణులతో పోల్చియున్నారు. మన పల్లెలలో వాన జాగైనప్పుడు పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టి, కప్పతల్లి యని ఇల్లిల్లు తిరుగగా ఇల్లాండ్రు బిందెలతో నీరు గ్రుమ్మరించుట పెద్దలలో పలువురు చూచియే యుందురు. ఆనాటినుండియు మనవారు కప్పను వినినవారే. లెక్క వ్రాసినవారు మాత్రము అరుదు.

ఆ తెలుగు యువకుడు చెప్పగా విన్న సంగతి యొకటి మనవారందరు ఎరుగదగినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు పదునెనిమిదవ శతాబ్దము చివర విశాఖపట్టణమున కుంపిణీ కొలువులో నుండి, కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో లండనున గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఆ పాముల పేర్లకై అతడు మన జాలరులను, రైతులను, పాములవారిని అడిగెను గాబోలు, తెలుగు పేర్లనే ఆంగ్లలిపిలో వ్రాసెను. జెర్రిపోతు, పసిరిక అందున్నవి. నేడు అతని పేరుతోనే లోకము పిలుచు రక్తపింజరికి అతడు వ్రాసిన పేరు ‘కాటుక రేకుల పొడ’. పచ్చని నల్లని పట్టెలుగల మరియొక పామునకు ‘బంగారు పాము’ అని వ్రాసెను. 1803లో దోదాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసికొని ఆ కుదురునకంతటికిని ‘బంగారస్’ అని లాటినులో పేరు పెట్టెను. కట్లపాము ఆ కుదురులోనిదే. లోకములోని ప్రతి శాస్త్రగ్రంథమునను కట్లపాము మన తెలుగుమాటతోనే నిలిచియున్నది. ఆ పేరు ఎరుగని తెలుగు ఉపాధ్యాయుడు ఆ పామును చూచి విషము లేనిదని చెప్పెను. ఇది విన్నరాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మా జిల్లా ఊరిపేరు మోయుచున్న ప్రాణి కూడ ఒకటి కలదు. సిరోంచకు ఉత్తరమున అహేరి తాలూకాలో ఆలాపల్లి యున్నది. టేకునకు పేరుపొందిన ఆ అడవిలో ఆరు హెక్టార్ల పురాతనభాగమును 2014లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటించిరి. ఆ అడవిలో దొరకిన నలికిరి యొకదానిని షికాగోలోని ఫీల్డ్ మ్యూజియమునకు చెందిన కార్ల్ ప్యాటర్సన్ ష్మిట్ 1926లో వర్ణించి, ఆలాపల్లి పేరనే ‘ఆలాపల్లెన్సిస్’ అని నామకరణము చేసెను. నలికిరిని మనవారు నలికండ్లపామనియు అందురు. పామను మాట వినినంతనే కర్ర తీయుదురు. నాలుగు కాళ్ళున్న ఆ నిరపరాధికి విషము లేదు. మన దేశపు బల్లిజాతులలో దేనికిని విషము లేదు.

ఆ ష్మిట్ పండితుని కథ యింతతో ముగియలేదు. 1957 సెప్టెంబరులో ఆఫ్రికా పాము నొకదానిని పోల్చి చెప్పుమని ఆయనకడకు తెచ్చిరి. దాని పొలుసుల లక్షణమొకటి గ్రంథములతో సరిపోలలేదు. పరిశీలించుచుండగా అది బొటనవ్రేలిపై కరచెను. పాము చిన్నది, ప్రమాదము లేదని తలచి, తన ఒంటిలో కలుగు మార్పులను గంటగంటకు వ్రాసికొనుచు మరునాడు మరణించెను. జీవితమంతయు పాములను పోల్చిన పండితుడే అట్లు పొరబడెనని విన్నప్పుడు మా పాపము తగ్గినదని మేమనుకొనలేదు. కాని ఈ విద్య ఎంత వినయము కోరునో తెలిసినది.

ఇక మా యింటి సంగతి. ఆ యువకులు మా పెరటి అరుగుపై కూర్చుండి టీ త్రాగుచు, “ఇక్కడ కప్పలు మొదట ఎప్పుడు కూస్తాయి?” అని అడిగిరి. మాకు మా తండ్రిగారి పంచాంగములు జ్ఞప్తికి వచ్చెను. ఆయన వ్యవసాయదారు. ప్రతి యేటి పంచాంగమును దాచియుంచి, అంచులలో తన లెక్కలు వ్రాసికొనెడివారు: కూలి ఇంత, విత్తనము ఇంత, ఎద్దు కొన్నది ఫలానా నాడు. ఆ పెట్టె దింపి దుమ్ము దులిపి చూపితిమి. 1951 నుండి 1983 వరకు, నడుమ నాలుగేండ్లు తప్ప, ప్రతియేటను ఒక చిన్నవాక్యము కలదు: మృగశిర మూడవనాడు కప్పలు కూసినవి, ఆరుద్ర మొదటినాడు కప్పలు కూసినవి. విత్తనము చల్లుటకు అది ఆయనకు గురుతు. కొన్నియేండ్ల వేసవి పుటలలో మరియొక మాట: రేవు ఇసుకలో తాబేటి గుడ్లు, పిల్లలను తీయవద్దంటిని.

ఆ ముగ్గురును మాట్లాడలేదు. ఒక్కొక్క పుటను సెల్‌ఫోనుతో ఫొటో తీసికొనిరి. చివర ఆ తెలుగు పిల్లవాడు, “గురూజీ, మేము చేసే పని బాపుగారు ముప్పై యేండ్లు చేసినారు. మరి 84 నుంచి ఏవి?” అని అడిగెను.

లేవు. తండ్రిగారు పోయిన పిదప పంచాంగము కొంటిమి, వ్రాయలేదు. మేము చదువుకొన్నవారము, బడిలో కప్ప బొమ్మ గీసి భాగములకు పేర్లు వ్రాయించినవారము, చెరువున కప్ప కూసిన దినమును మాత్రము నలువదేండ్లు వ్రాయలేదు. సున్నకును ఖాళీకిని గల భేదము అప్పుడు మాకు పూర్తిగా అర్థమయ్యెను.

ఆ నలువదేండ్లలో ఎన్ని జరిగినవి! కప్పకాళ్ళను విదేశములకు పంపు వ్యాపారమును భారత ప్రభుత్వము 1987లో నిషేధించెను. వరిమళ్ళలో పురుగుమందులు వచ్చెను. దిగువను మేడిగడ్డ కడ గోదావరిపై కట్టిన బరాజు 2019 జూన్ 21న ప్రారంభమయ్యెను. ప్రాణహిత ఇసుకదిబ్బలపై నీరు నిలిచెను. 2023 అక్టోబరు 21న ఆ బరాజు స్తంభములు కొన్ని క్రుంగగా నీటిని విడిచిపెట్టిరి. మా చిన్ననాడు రేవున వేసవి ఉదయములలో ఇసుకపై తాబేటి జాడలు చూచెడివారము. ఇప్పుడు మాకు కనబడుట లేదు. నిలిచిన నీటివలననా, ఇసుక త్రవ్వకమువలననా, వలలవలననా, లేక మా కన్నులు మందగించినందువలననా? ఎవరినేమని అడుగగలము? ఎన్ని యుండెనో వ్రాసియుంచనివానికి ఎన్ని పోయెనని ఫిర్యాదు చేయు హక్కు లేదు. మా నదిలో ఏమి జరిగినదో మా యింటి కాగితములే చెప్పలేకపోయినవి.

చిత్రమేమనగా రాళ్ళు మాకంటె మేలు. సిరోంచకు ఎగువను ప్రాణహిత ఒడ్డున కోట యను పల్లె కలదు. ఆ ఊరిపేరనే పిలువబడు జురాసిక్ కాలపు శిలలలో 1960 ప్రాంతమున కలకత్తా భారత గణాంక సంస్థవారు మహాకాయమైన రాక్షసబల్లి ఎముకలను త్రవ్వి తీసి, రవీంద్రుని శతజయంతిని పురస్కరించుకొని, తరువాత 1975లో ‘బారాపాసారస్ టాగోరై’ యని పేరు పెట్టిరి. 2000వ సంవత్సరమున ఆ శిలలలోని తాబేటినే ‘ఇండోకెలిస్’ అని వర్ణించిరి; జురాసిక్ కాలపు తాబేలు మన దేశమున దొరకుట అదియే మొదలు. పదునేడు పదునెనిమిది కోట్ల యేండ్లనాటి తాబేటి లెక్క రాతిలో నున్నది. మొన్నటి తాబేటి లెక్క మా పంచాంగములో లేదు.

ఇది మా ఒక్క ఊరి కొరత కాదు. 2023లో ప్రకటించిన ప్రపంచ పరిశీలన ప్రకారము ఉభయచర జాతులలో నూటికి దాదాపు 41 అంతరించు ప్రమాదములో నున్నవి. సరీసృపములలో నూటికి 21 అని 2022 నాటి పరిశీలన తెల్పినది. మరియొక ప్రక్క మన దేశమున పాముకాటువలన యేటేట సుమారు 58,000 మంది మరణించుచున్నారని 2020లో పండితులు అంచనా వేసిరి. అందు అధికులు పల్లెలవారు, వానకాలమున పొలములలోను నేలపడకలపైనను కాటుపడినవారు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించు ప్రణాళికను వెలువరించెను. మా జిల్లాలోనే భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసలో 1973లో లోక్ బిరాదరీ ప్రకల్పము మొదలైనది. అచ్చట డాక్టరు ప్రకాశ్ ఆమ్టే దంపతులు మాడియా ప్రజలకు వైద్యము చేయుచు, ఆ ఆవరణముననే అనాథలైన అడవిజంతువులను, పాములను పెంచుచు వచ్చిరి. మనిషిని పామునుండి కాపాడుటయు, పామును మనిషినుండి కాపాడుటయు రెండు పనులు కావని ఆ స్థలము మాకు తెలిపినది. ఏ పాము ఎక్కడ, ఏ కార్తెలో తిరుగునో లెక్క తెలిసినప్పుడు, మందు ఎక్కడ సిద్ధముగా ఉంచవలెనో కూడ తెలియును.

చదువరులకు మా మనవి యొకటే. నాగపురమున, చంద్రపురమున, బల్లార్‌పురమున, సోలాపురమున, ముంబయిలో ఉన్న మన కుటుంబములవారికి చెరువుగట్టున రాత్రివేళ తిరిగి లెక్కవ్రాయు తీరిక ఉండకపోవచ్చును. కాని గోడకు క్యాలెండరు లేని తెలుగు ఇల్లు లేదు. తొలివానకు కప్ప కూసిన దినమును దానిపై వ్రాయుడు. ఏమియు వినబడకున్న, వినబడలేదని వ్రాయుడు, అదియు లెక్కయే. క్యాలెండరు మారినప్పుడు పాతదానిని పారవేయకుడు. పెరటిలో కనబడినదానిని పిల్లలకు తెలుగు పేరుతో చూపుడు: ఇది తొండ, ఇది నలికిరి, ఇది నీరుకట్టె, దీనిని కొట్టకుము, దానికి దూరముగా నుండుము. పేరు తెలిసిన పిల్లవాడు అనవసరముగా చంపడు. అజాగ్రత్తగా చేయియు పెట్టడు.

తండ్రిగారు విడిచినచోటనుండి కాకున్నను, 2024 నుండి మేము మరల వ్రాయుచున్నాము. మా కన్ను ఆనదు గనుక వ్రాత పని మనుమరాలిది. దానికి తెలుగు మాట వచ్చును, తెలుగు వ్రాత రాదు. మొన్న తొలివాన రాత్రి చెరువువైపు చెవియొగ్గి, “తాతా, ఇవి ఏ కప్పలు?” అని అడిగెను. బోదురుకప్పలని చెప్పితిమి. పంచాంగపు అంచున అది మరాఠీ అక్షరములతోనే ‘బోదురుకప్పలు కూసినవి’ అని వ్రాసెను. మా తండ్రిగారి వాక్యమున లేని జాతిపేరు అందు చేరినది. అక్షరము ఏదైన నేమి, ఆ యేడు ఖాళీగా పోలేదు.